అక్షరం ఆలస్యమైనా ఆలోచన ఆగకూడదు
(గిడుగు రామమూర్తి స్మారక ఉపన్యాసం)



గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు, పిల్లల చదువు తప్ప మరో విషయం నాకు తోచలేదు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన్ని తలుచుకుంటున్నాం. ఆ పోరాటం మొదలైంది మాత్రం బడిలో. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దంలో ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకోబోయి, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకంలోని తెలుగుకూ ఇంత దూరం ఎందుకుందని అడిగాడు. ఆ ప్రశ్న పర్లాకిమిడిలో ఉన్న పంతులుగారి దాకా వచ్చింది. ఆయన సవర తెగ పిల్లలకు చదువు చెప్పడానికి తానే సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపిన మనిషి. పిల్లవాడికి పాఠం అందనప్పుడు ఆయన ముందుగా పాఠాన్ని అనుమానించారు. ఈరోజు నేను చెప్పబోయేది కూడా అలాంటి అనుమానం అవసరమైన పిల్లల గురించే.

పంతులుగారు సవరల కోసం శ్రమపడుతున్న రోజుల్లోనే, 1896లో, ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం రాశాడు. అందులో పెర్సీ అనే పద్నాలుగేళ్ల కుర్రాడి కథ ఉంది. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు. ఏళ్ల తరబడి చదువు చెప్పించినా చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. సొంత పేరు రాయబోయి అక్షరాలు తారుమారు చేశాడు. మూడంకెల సంఖ్యను మూడంకెల సంఖ్యతో గుణించమంటే మాత్రం చకచకా చేసేశాడు. చదువంతా నోటితోనే చెప్పి ఉంటే బడిలో అందరికంటే తెలివైనవాడు వీడే అయ్యేవాడని, అతనికి చాలాకాలం పాఠాలు చెప్పిన మాస్టారు అన్నారట. డిస్లెక్సియా అనే ఈ చదువు ఇబ్బంది చరిత్ర రాసేవాళ్లలో చాలామంది ఈ వ్యాసంతోనే మొదలుపెడతారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ మాస్టారు అన్న మాట. వాడి బుద్ధి ఎటునుంచి లోపలికి వస్తోందో ఆయన కనిపెట్టారు. ఆ దారినే పాఠం పంపాలన్న ఆలోచన మాత్రం ఆ కాలం బడికి రాలేదు. నూట ముప్ఫై ఏళ్లు కావస్తున్నా మన బడికి కూడా పూర్తిగా వచ్చిందని నేను అనలేను.

మన దగ్గర ఇలాంటి పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టుల్లో ఒకే మాట కనిపిస్తుంది: తెలివి ఉంది, శ్రద్ధ లేదు. ఇంట్లో ఇంకో మాట వినిపిస్తుంది: సినిమా కథ పూసగుచ్చినట్టు చెప్తాడు, పుస్తకం తీస్తే చాలు నిద్రొస్తుంది. ఈ రెండు మాటలూ కలిసి పిల్లవాణ్ని ఒక నిర్ణయానికి తెస్తాయి. తాను సోమరినో, మొద్దునో అయి ఉండాలని వాడే అనుకుంటాడు. నాలుగో తరగతి దాటేసరికి ఆ నిర్ణయం గట్టిపడుతుంది. అక్కడినుంచి అసలు ఇబ్బంది కంటే ఆ నమ్మకాన్ని కదిలించడమే కష్టమవుతుంది.

చదవలేని ప్రతి పిల్లా ఈ కోవలోకి రాదు. తరగతిలో సగం మంది కూడబలుక్కుని చదువుతుంటే అక్కడ వైకల్యం వెతకడం అన్యాయం. టీచరు లేకపోవడమో, బడి మానుతూ వస్తుండటమో, ఇంట్లో పుస్తకమే లేకపోవడమో కారణం కావచ్చు. కన్ను, చెవి ముందు పరీక్ష చేయించాలి. అందరితో పాటు శ్రద్ధగా చెప్పినా, ఇంకొన్ని నెలలు విడిగా కూర్చోబెట్టి చెప్పినా, మాట తెలివిగా ఉండి అక్షరమో అంకెనో మాత్రమే అందకపోతే, అప్పుడు నిర్దిష్ట అభ్యసన వైకల్యం అని ఆలోచించాలి. చదవడంలో ఇబ్బందిని డిస్లెక్సియా అంటున్నాం, రాతలో డిస్‌గ్రాఫియా, లెక్కల్లో డిస్‌కాలిక్యులియా. చాలామంది పిల్లల్లో ఇవి ఒకదానితో ఒకటి అల్లుకునే వస్తాయి.

ఇప్పుడు మన లిపి సంగతికి వస్తాను. ఈ విషయం మీద పుస్తకాల్లో ఉన్న జ్ఞానంలో పెద్ద భాగం ఇంగ్లీషు చదివే పిల్లల నుంచి వచ్చింది. ఇంగ్లీషులో అక్షరానికీ శబ్దానికీ పొంతన తక్కువ కాబట్టి అక్కడ పిల్లలు తప్పులు చదువుతారు. పొంతన బాగా ఉన్న ఇటాలియన్‌లో డిస్లెక్సియా ఉన్నవాళ్లు ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్లకంటే మెరుగ్గానే చదివారని, అయినా చదివేటప్పుడు మెదడు పనితీరులోని తేడా మూడు భాషల వాళ్లలోనూ ఒకటేనని పౌలేసు, ఆయన సహచరులు 2001లో చూపించారు. మనది కూడా రాసినట్టే పలికే లిపి. అందుకే తెలుగులో ఈ పిల్లలు పట్టుబడరు. చాలావరకు తప్పు లేకుండానే చదువుతారు, కానీ ఎంత నెమ్మదిగా చదువుతారంటే వాక్యం చివరికొచ్చేసరికి మొదటి మాట మనసులోంచి జారిపోతుంది. టీచరు తప్పుల్ని లెక్కపెడుతుంది గానీ సమయాన్ని లెక్కపెట్టదు. అలా ఒక్కో తరగతీ దాటిపోతారు.

మరో చిక్కు అక్షరాల సంఖ్య. ఇంగ్లీషుకు 26. మనకు ముప్ఫైఆరు హల్లులకూ గుణింతం వేసుకుంటే ఐదు వందలు దాటతాయి, ఆపైన వత్తులు. మన లిపికి అతి దగ్గరిదైన కన్నడంలో, పిల్లలకు అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి కూడా చాలడం లేదని సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశీలన చెప్తోంది. మామూలు పిల్లల మాటే అది. రెండో తరగతి ముగిసేసరికి అక్షరాల పాఠం అయిపోయిందని పుస్తకం పక్కన పెట్టేసే మన పద్ధతికి ఆధారం ఏమిటో నాకు అర్థం కాదు.

'రాత్రి' అన్న మాట చూడండి. చివరి అక్షరం చెవికి త, ర, ఇ అన్న వరసలో వినిపిస్తుంది. కంటికి మొదట త మీద గుడి కనిపిస్తుంది, ర కింద వత్తుగా ఉంటుంది. చివర పలకాల్సిన ఇకారం ముందే నెత్తిన కూర్చుంది. 'రాతిర' అని చదివిన పిల్లవాడు తాను చూసిన వరసకు నిజాయితీగానే చదివాడు. 'స్త్రీ' అయితే మరీను. త, మ, య, ర, ల వత్తులకు వాటి అసలు అక్షరాలతో పోలికే కనిపించదు. ఐత్వం ఒక ముక్క పైన, ఒక ముక్క కింద. ప, వ; ద, ధ, థ; బ, భ; మ, వు. మనకు అలవాటైపోయి ఈ కష్టాలు కనిపించవు. చెప్పేవాళ్లు ఒకసారి కొత్త కళ్లతో చూడాలి. 'రాత్రి'ని చూపించి, పలికే వరసకూ రాసే వరసకూ తేడా ఉందని పిల్లలకు నోరు తెరిచి చెప్పాలి. ఈ ఒక్క మాట చెప్పినందుకే కొందరు పిల్లల ముఖాల్లో భారం దిగిపోవడం నేను చూశాను. తమది తప్పు కాదని వాళ్లకు మొదటిసారి తెలుస్తుంది.

గుణింతం మనం పాటలా నేర్పుతాం. క కా కి కీ గడగడా అప్పగించిన పిల్లను మధ్యలో 'కొ' చూపించి అడిగితే, మళ్లీ మొదటినుంచీ పాడుకుంటూ వస్తుంది. రాగం వచ్చింది, అక్షరం రాలేదు. ఈ పిల్లలకు అడ్డంగా నేర్పితే మేలు. ఒక గుడిని తీసుకుని కి, గి, తి, ని, లి అని హల్లులన్నింటి మీదా పెట్టి చూపించాలి. మ, య లాంటి వాటి మీద ఆకారం మారే చోట ఆగి, విడిగా చెప్పాలి. రోజుకు కొంచెం, ప్రతిరోజూ, నిన్నటిది కలిపి. ఇసుకలోనో, బియ్యంలోనో వేలితో దిద్దిస్తూ, దిద్దేటప్పుడు పైకి పలికించాలి. గ్రేస్ ఫెర్నాల్డ్ లాస్ ఏంజిలెస్‌లో 1920లలో వేలితో దిద్దించే పద్ధతితో పనిచేసింది. శామ్యూల్ ఆర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్‌ల పేరుతో నడుస్తున్న పద్ధతి కూడా కన్ను, చెవి, చెయ్యి మూడింటినీ కలుపుతుంది. మన వీధిబడుల్లో ఇసుకలో దిద్దించడం ఉండేది కాబట్టి మనకు ఇది పరాయి పద్ధతిగా అనిపించక్కర్లేదు. అయితే ఇసుకలో మహిమ ఏమీ లేదు. ఏదీ పిల్లలే గ్రహించుకుంటారని వదిలేయకుండా, విడమరచి, వరస తప్పకుండా చెప్పడంలోనే బలమంతా ఉంది.

శబ్దాన్ని చెవితో విడదీయడం ఈ పిల్లలకు కష్టం. దానికి మనవాళ్ల ఆటల్లోనే సాయం ఉంది. పెద్దవాళ్లకు అర్థం కాకుండా పిల్లలు మాట్లాడుకునే 'క' భాష ఉంది కదా, ప్రతి అక్షరం ముందూ క చేర్చడం. అది మాటను అక్షరాలుగా విడగొట్టే కసరత్తే. అది వచ్చాక అక్షరాన్ని హల్లుగా, అచ్చుగా విడదీయాలి. ఇది ఇంకా సూక్ష్మమైన పని. పద్యంలో ప్రాస అచ్చంగా ఇదే. రెండో అక్షరంలో హల్లు కలవాలి, అచ్చు ఏదైనా ఉండొచ్చు. 'కాకి, రోకలి, పీకు' లాంటి మాటలు చెప్పి, వీటన్నింటి నడుమా దాక్కున్న శబ్దం ఏదో పట్టుకోమంటే పిల్లలు పోటీపడి పట్టుకుంటారు. కాగితం, పెన్సిలు అక్కర్లేదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. అక్షరాల పని ఎంత బాగా చేసినా ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో పిల్లల ఆలోచనకు మేత ఏమిటి? మామూలుగా మనం చేసేదేమిటంటే, ఐదో తరగతి పిల్లవాడికి చదవడం రాకపోతే ఒకటో తరగతి వాచకం ఇచ్చి ఒక మూల కూర్చోబెడతాం. వాడు పదేళ్లవాడు. బయట క్రికెట్ వ్యూహాలు చర్చిస్తాడు, మేకల ధర బేరమాడతాడు. లోపల 'అల, వల, తల' చదువుతుంటాడు. సైన్సు పీరియడ్‌లో వాణ్ని ఎవరూ ఏమీ అడగరు. చదవలేనివాడికి ఇంక అడిగి ఏం లాభమన్న లెక్క. రెండేళ్లు పోయేసరికి తోటివాళ్ల మాటల సంపద పెరిగిపోతుంది, లోకజ్ఞానం పెరిగిపోతుంది. వాడిది ఉన్నచోటే ఉంటుంది. చదివేవాళ్లు చదివే కొద్దీ ముందుకు పోతారని, చదవలేనివాళ్లు అంతకంతకు వెనకబడతారని కీత్ స్టానోవిచ్ అనే పరిశోధకుడు 1986లోనే హెచ్చరించాడు. అక్షరంలో మొదలైన ఇబ్బంది ఆలోచనకు పాకడం ఇలాగే. దీన్ని ఆపడం పూర్తిగా మన చేతుల్లో ఉంది.

పాఠం చదివి వినిపించాలి. అంతే. ఐదో తరగతి సైన్సు పాఠం ఐదో తరగతి స్థాయిలోనే, చెవికి. పక్కవాడు చదవొచ్చు, అమ్మ చదవొచ్చు, ఫోన్‌లో రికార్డు చేసి పెట్టొచ్చు. ఆ తర్వాత ప్రశ్నలు నోటితో అడగాలి. రోజూ అరగంటో ముప్పావుగంటో అక్షరాలకు, మిగతా రోజంతా వయసుకు తగ్గ ఆలోచనకు. చదివి వినిపిస్తే బద్ధకం అలవాటవుతుందని కొందరు ఉపాధ్యాయులు భయపడతారు. అక్షరాల పని మానేస్తే ఆ భయం నిజమే. రెండూ సాగుతున్నప్పుడు, చెవితో విన్న మాటలే రేపు కంటికి కనిపించినప్పుడు వాడు వాటిని త్వరగా గుర్తుపడతాడు. తెలియని మాటను కూడబలుక్కోవడం వేరు, తెలిసిన మాటను కూడబలుక్కోవడం వేరు.

ఆలోచించడం కూడా నేర్పవలసిందే, దానంతటదే వస్తుందని కూర్చోకూడదు. 1984లో పాలిన్‌సార్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు, చదవగలిగి కూడా చదివింది అర్థం చేసుకోలేని పిల్లలతో నాలుగు పనులు చేయించారు. చదివింది క్లుప్తంగా చెప్పడం, దాని మీద ప్రశ్న వేయడం, అర్థం కానిచోట ఆగి తేల్చుకోవడం, తర్వాత ఏం వస్తుందో ఊహించడం. మొదట టీచరు చేసి చూపిస్తుంది, తర్వాత పిల్లలే వంతులవారీగా టీచరవుతారు. దీన్ని మనం వినడంతో చేయొచ్చు. కాకి కథతోనైనా చేయొచ్చు, కిరణజన్య సంయోగక్రియతోనైనా చేయొచ్చు. ముఖ్యమైనది మూడో పని, అర్థం కానిచోట ఆగడం. ఈ పిల్లలు ఎన్నో ఏళ్లుగా ఏదీ అర్థం కాకుండా కూర్చోవడానికి అలవాటుపడ్డారు. అర్థం కాలేదన్న సంగతి గమనించి, పైకి చెప్పగలగడమే వాళ్లకు పెద్ద చదువు.

మనస్తత్వవేత్త రువెన్ ఫాయర్‌స్టైన్ సంగతి కూడా చెప్పాలి. 1921లో రుమేనియాలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడిన యూదు పిల్లలతో, ఉత్తర ఆఫ్రికా నుంచి ఇజ్రాయెల్‌కు వలస వచ్చిన పిల్లలతో పనిచేశాడు. తెలివి పరీక్షలు ఆ పిల్లల్లో చాలామందిని మందబుద్ధులుగా తేల్చేవి. ఆయన పరీక్ష పెడుతూనే నేర్పాడు. నేర్పితే ఎంతవరకు వస్తున్నారో చూశాడు. ఈరోజు ఏం వచ్చు అన్నదానికంటే, చేయి పట్టుకుని నడిపిస్తే ఎంత దూరం వస్తాడన్నది ఆయనకు ముఖ్యం. ఆయన రూపొందించిన అభ్యాసాల ఫలితాల మీద వాదాలున్నాయి, ఆ వాదాల్లోకి నేను పోను. ఆయన నుంచి నేను తీసుకున్నది ఒక్క అలవాటు: జవాబు ఒప్పైనా, తప్పైనా 'నీకు ఇది ఎలా తట్టింది?' అని అడగడం. తప్పయినప్పుడే అడిగితే పిల్లలు ఆ ప్రశ్న వినగానే జవాబు మార్చేస్తారు. ఒప్పయినప్పుడు కూడా అడిగితే తమ ఆలోచన వైపు తాము తిరిగి చూడటం మొదలుపెడతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. జ్ఞాపకశక్తి పెంచే యాప్‌లు, మెదడు వ్యాయామాలు, రంగు కళ్లద్దాలు, కంటి కసరత్తులు అంటూ తల్లిదండ్రుల దగ్గర వేలకు వేలు వసూలు చేస్తున్నారు. యాప్‌లో ఆడితే ఆ ఆటలో నైపుణ్యం పెరుగుతుంది. దానివల్ల చదువు, లెక్కలు మెరుగుపడటం లేదని మెల్బీ-లెర్వాగ్, హ్యూమ్ 2013లో అంతవరకు జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి తేల్చారు. రంగు అద్దాలకు, కంటి కసరత్తులకు ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘం 2009లో ఉమ్మడిగా ప్రకటించాయి. పులిజూదం, పొడుపు కథలు నాకూ ఇష్టమే. ముందుచూపు, తర్కం అలవాటవుతాయి, పిల్లలకు గెలిచిన ఆనందం దక్కుతుంది. వాటితో చదవడం వస్తుందని మాత్రం ఎవరికీ చెప్పను. చదవడం చదవడంతోనే వస్తుంది. లెక్కల్లో ఆలోచన లెక్కలు చేస్తూనే వస్తుంది.

లెక్కల్లో మన భాష ఒక మేలు చేస్తోంది. పంతొమ్మిది దాటాక తెలుగు అంకెల పేర్లు తేటగా ఉంటాయి. ఇరవై మూడు, నలభై ఏడు అంటే పదులు ముందు, ఒకట్లు తర్వాత, రాసే వరసలోనే పలుకుతాం. హిందీలో వంద దాకా ప్రతి అంకెకూ విడిగా పేరు గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లీషులో థర్టీన్‌కూ థర్టీకీ తేడా వినిపించక తికమకపడే పిల్లలు మన ఊళ్లలో ఎందరో. స్థానవిలువ చెప్పేటప్పుడైనా ఇంగ్లీషు మీడియం టీచర్లు తెలుగు పేర్లు వాడితే సగం పని సులువవుతుంది. పుల్లల్ని పదేసి కట్టలు కట్టించి, ఆ తర్వాత బొమ్మగా గీయించి, చివర అంకె రాయించాలి. ఎక్కాలు అప్పగించలేదని దండించేకంటే ఎక్కాల పట్టిక ముందుంచి లెక్క చేయించడం మేలు. మాటల్లో ఇచ్చిన లెక్క అయితే ప్రశ్న చదివి వినిపించండి. చాలాసార్లు వాడికి రానిది లెక్క కాదు, ప్రశ్న చదవడం.

చట్టం మన పక్షానే ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ పిల్లల ఊసే లేదు. 2016 చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను అందులో చేర్చింది. వీటిని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన అందించే బాధ్యతను 16వ సెక్షన్ విద్యాసంస్థల మీదే పెట్టింది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, ఒక భాష నుంచి మినహాయింపు లాంటి వెసులుబాట్లు బోర్డులు ఇస్తున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక శిక్షణ ఉన్న రిసోర్స్ పర్సన్‌లు ఉన్నారు. కానీ సర్టిఫికెట్ చేతికి రాగానే పని అయిపోయినట్టు తల్లిదండ్రులూ బడీ కలిసి ఊపిరి పీల్చుకోవడం నన్ను కలవరపెడుతోంది. పదో తరగతిలో సహాయకుడు దొరికాడు, మంచిదే. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా నేర్పినవాళ్లెవరు? సర్టిఫికెట్‌కు వయసు చాలలేదని ఆరేళ్ల పిల్లకు సాయం ఆపడం ఇంకా ఘోరం. నేర్పడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' తర్వాత తల్లిదండ్రుల్లో అవగాహన పెరిగింది, ఆ సినిమాకు కృతజ్ఞతగా ఉండాలి. దాంతోపాటు ప్రతి డిస్లెక్సియా పిల్లలోనూ ఒక గొప్ప చిత్రకారుడో, శాస్త్రవేత్తో దాగుంటాడన్న నమ్మకం కూడా పెరిగింది. నా దగ్గరకు వచ్చిన ఒక తల్లి, మా అమ్మాయికి బొమ్మలూ రావండీ, ఇక ఏం చేయాలి అని కన్నీళ్లు పెట్టుకుంది. ఏ ప్రత్యేక ప్రతిభా లేని పిల్లకు కూడా బస్సు బోర్డు చదువుకునే హక్కుంది, తన మనసులో మాట కాగితం మీద పెట్టుకునే హక్కుంది, తన ఆలోచనను నలుగురూ విని గౌరవించే హక్కుంది. మరుగున ఉన్న మేధావి కోసం వెతుకులాట ఆపి ఆ పిల్లకు ఇవాళ్టి పాఠం చెబుదాం.

చివరగా ఒక పని గురించి. ఆరేళ్ల పిల్ల తెలుగు ఎంత వేగంగా చదవాలి, ఏ వత్తు ఏ తరగతికి పట్టుబడాలి, శ్రీకాకుళం పిల్ల మాట్లాడే తెలుగుకూ పాలమూరు పిల్ల మాట్లాడే తెలుగుకూ పుస్తకం ఎంతెంత దూరంలో ఉంది అన్న కొలతలు తెలుగులోనే, తెలుగు పిల్లల మీదే తీయాలి. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియంలో చేరిన పిల్లల దగ్గర ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలున్నాయి. ఏ పేజీ దగ్గర ఆగిపోతున్నారో చూస్తే, లోటు భాషలో ఉందా, చదవడంలోనే ఉందా తెలుస్తుంది. ఇది భాషాశాస్త్రం వాళ్లు, విద్యాశాఖల వాళ్లు, భవిత కేంద్రాల వాళ్లు కలిసి చేయాల్సిన పని. దీనికి పూనుకునే విద్యార్థులు, ఉపాధ్యాయులు ఈ సభలో ఉంటే ముందుకు రండి. తల్లిదండ్రుల అనుమతితో నేను దాచిపెట్టుకున్న పిల్లల చదువుల రికార్డింగులు, వాళ్ల చేతిరాత నోట్‌బుక్కులు, ఏ తప్పు ఎక్కడ వచ్చిందో రాసుకున్న కాగితాలు పేర్లు తీసేసి మీకిస్తాను. మొదటి ఏడాది పనిలో మీతో పాటు నేనూ కూర్చుంటాను.